మందు అని చెప్పిన క్రీము

నాకు ముప్పై రెండేళ్ళు. రిటైర్మెంట్ అనే మాట వాడే వయసు కాదు. అయినా మందుల కొట్టు కౌంటర్‌కు సంబంధించినంత వరకు నా పని అయిపోయింది. డి.ఫార్మ్ ముగిసిన వెంటనే సరిహద్దుకు కర్ణాటక వైపున్న పావగడ బజారులో ఒక కొట్టులో చేరాను, మానేసే దాకా అదే కొట్టులో నిలబడ్డాను. ఇప్పుడు హిందూపురంలో ఒక మందుల గిడ్డంగిలో పని చేస్తున్నాను. ఇక్కడికి మనుషులు రారు, అట్టపెట్టెలు వస్తాయి.

మా కాలేజీ నుంచి ప్రతి ఏడూ కొందరు పిల్లలు కౌంటర్ ఉద్యోగాల్లో చేరుతుంటారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి పని ఎలా ఉంటుందని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఏ రిజిస్టరు ఎక్కడ ఉండాలి, గడువు తీరిన సరుకు ఎలా వాపసు పంపాలి, ఫ్రిజ్‌లో ఏవి పెట్టాలి అన్నవి మీ యజమాని మొదటి నెలలోనే నేర్పుతాడు. నేను చర్మం గురించి రాస్తాను. జ్వరానికీ విరేచనాలకూ ఏం చెప్పాలో మీకు తెలుసు. ఇరవై ఏడేళ్ళ మనిషి వచ్చి, ముసలితనం రాకుండా ఏమైనా ఉందా అని అడిగితే ఏం చెప్పాలో కూడా పుస్తకంలో ఉంది. ఆ జవాబు సరైనదే. మా తాలూకాలో అది పని చేయలేదు. ఎందుకు చేయలేదన్నదే నేను చెప్పదలచుకున్నది.

శెట్టిగారి కొట్టు

మా యజమాని సుబ్బరామశెట్టి గారు ఫార్మసీ చదవలేదు. గోడకు వేలాడే సర్టిఫికెట్ నాది, కొట్టు ఆయనది. వాళ్ళ నాన్న కాలంలో అది చిల్లర అంగడి, తర్వాత మందుల కొట్టు అయింది. ఆయన కోపం గొంతులో వినిపించేది కాదు. తప్పు చేస్తే పక్కకు పిలిచి, "నీకి తెలీదని కాదప్పా, నువ్వు చూడలేదు" అనేవారు. చూడడం అంటే ఆయన లెక్కలో ఒకటే. మనిషి వస్తే ముందు చేతులు చూడాలి, తర్వాత ముఖం. ముఖం ఏం కావాలో చెబుతుంది, చేతులు ఏం పనికొస్తుందో చెబుతాయి.

నేను చేరినప్పుడు చర్మానికి మా కొట్టులో ఒక్క అరే ఉండేది. పౌడరు, స్నో, చలికాలానికి కోల్డ్ క్రీము, తామరకు ఆయింట్‌మెంట్. వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చాక కొట్టుకు వచ్చేవాళ్ళు రెండు రకాలయ్యారు. భూమి ఉన్నవాళ్ళు భూమిని పార్కుకు కౌలుకిచ్చారు. వాళ్ళ పిల్లలకు బండ్లు, పెద్ద ఫోన్లు వచ్చాయి. ఫోన్లలో చూసి సీరమ్ అనీ రెటినాల్ అనీ విటమిన్ సీ అనీ అడగడం మొదలుపెట్టారు. మీసం సరిగా రాని పిల్లలు ముడతలు రాకుండా క్రీము అడిగేవారు. భూమి లేనివాళ్ళు ప్లాంట్లలో కూలికి వెళ్ళారు. సోలార్ పలకలు కడగడం, వాటి వరసల మధ్య గడ్డి తీయడం, గేటు కాయడం. వీళ్ళు ఏమీ అడిగేవారు కాదు. ముడతలు వచ్చేది వీళ్ళకే.

మొదటి రకంలో నాగలమడిక ఊరి కుర్రాడు ఒకడు బాగా గుర్తు. ఫోన్‌లో బొమ్మ చూపించి రెటినాల్ కావాలన్నాడు. నేను శ్రద్ధగా చెప్పాను. రాత్రి మాత్రమే పూయాలి, బఠాణీ గింజంత చాలు, పగలు ఎండకు పోకూడదు, పోతే సన్‌స్క్రీన్ తప్పనిసరి. అన్నిటికీ తల ఊపాడు. శెట్టిగారు కుర్చీలోంచి అడిగారు.

"ఏం పనప్పా నీది?"

"ట్యాంకరు తోల్తా శెట్టీ. సోలార్‌లో ప్లేట్లు కడిగే నీళ్ళు."

"పగలంతా?"

"రాత్రి నీళ్ళు ఎవురికి కావాల?"

"అయితే ఇది నీకి వద్దు. నీడన ఉండేవాళ్ళది."

కుర్రాడు నవ్వాడు. "ఏం శెట్టీ, నల్లోళ్ళకి అమ్మవా?"

"నల్లోళ్ళకి అమ్ముతా. మాడిపోయేవాళ్ళకి అమ్మను."

అతను వేరే చోట కొనుక్కున్నాడు. కొన్ని వారాలకు బుగ్గలు పొట్టు రేగి, ఎర్రబడి మా దగ్గరికే వచ్చాడు. శెట్టిగారు వాడకం ఆపమని చెప్పి, మాయిశ్చరైజర్ ఇమ్మని నా వైపు సైగ చేశారు. మొదటి రోజు నేను ఎలా వాడాలో చెప్పాను, ఆయన ఎలా బతుకుతున్నావని అడిగారు. మీరు ఆయన ప్రశ్నే ముందు అడగండి. ఇంతవరకు శెట్టిగారి పద్ధతితో నాకు పేచీ లేదు.

గంగరత్న

సంత రోజు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చీరల మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కాలు, తలకు తువ్వాళ్ళు. అంటే సోలార్ పని. ముందుకు వచ్చిన మనిషికి నలభై దాటి ఉంటాయనుకున్నాను. పేరు గంగరత్న, ఊరు బాలసముద్రం. పక్కన ఉన్నది ఆమెతో పాటు పని చేసే సుజాత.

"అన్నా, మొగానికి ఏమన్నా ఉండాదా?"

"ఏమైంది? దురదా, మంటా?"

"దురదా లేదు, మంటా లేదు. ముసలితనం."

సుజాత నవ్వింది. "దానికి మందుంటే ఫస్టు మా అత్తకి ఇయ్యన్నా. పొద్దున లేస్తే నేను పోతాండా పోతాండా అంటాది, యాడికీ పోదు."

గంగరత్న నవ్వలేదు. "నాకి ఇరవై ఏడన్నా. మేస్త్రీ నమ్మడు."

నేనూ నమ్మలేదు. అది నా ముఖంలో కనపడి ఉంటుంది. ఆమె చొక్కా చెయ్యి మణికట్టు పైకి లాగి, చెయ్యి తిప్పి బల్ల మీద పెట్టింది. మణికట్టు దాకా ఒక చర్మం, దాని పైన ఇంకో చర్మం. పైన ఉన్నది నున్నగా, గీతల్లేకుండా ఇరవై ఏడేళ్ళదే. ఆ రెండింటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉంది. వయసు వల్ల వచ్చే ముసలితనం ఎంత, ఎండ వల్ల వచ్చేది ఎంత అని మాకు కాలేజీలో బొమ్మలు వేసి చెప్పారు. ఆమె చెయ్యి అంత స్పష్టంగా ఆ బొమ్మలేవీ చెప్పలేదు.

ఆమెకు క్రీము ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెప్పింది. ప్లాంటు పనికి ఆడవాళ్ళను తీసుకుపోయేది తిప్పేస్వామి అనే మేస్త్రీ. కాంట్రాక్టరు మారినప్పుడల్లా గేటు దగ్గర మళ్ళీ మనుషులను ఏరుతారు. పలకలు కడిగే గుంపులో ఉంటే ఏడాది పొడుగునా పని ఉంటుంది. గడ్డి గుంపుకు వానల తర్వాత కొన్నాళ్ళే. కడిగే గుంపుకు పైపులు మోయాలి, వంగి లేవాలి, కాబట్టి వయసువాళ్ళే కావాలంటారు. వయసు తేల్చేది మేస్త్రీ కన్ను.

"ఆధార్ కార్డు చూపించలేదా?"

"చూపించినా. అందురికీ జనవరి ఒకటే ఉండాది, నేను దేన్ని నమ్మల్ల అన్నాడు."

అది నిజమే. కార్డులు చేసిన రోజుల్లో పుట్టిన తేదీ తెలియనివాళ్ళకు చాలామందికి జనవరి ఒకటి వేశారు. ఆమె కార్డు మీదా అదే ఉంది. మొగుడు గొర్రెలు మేపేవాడు. మేత బీడు సోలార్ కంచె లోపలికి పోయాక గొర్రెలు అమ్మేశారు. అతను కూలికి దొరికినప్పుడు వెళ్తాడు. ఇంట్లోకి నెలనెలా వచ్చేది ఈమె జీతం ఒక్కటే. కడిగే గుంపులో లేకపోతే అది పోతుంది.

నేను చెప్పవలసింది చెప్పాను. ఇప్పటికే పడిన గీతలు, మచ్చలు పూర్తిగా పోవు. ఇకమీద పడబోయేవాటిని ఆపవచ్చు. సన్‌స్క్రీన్ పొద్దున బయలుదేరే ముందు ముఖానికి, మెడకు, చేతులకు దండిగా పూయాలి. చెమటకు పోతుంది కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ పూయాలి, వీలైతే మధ్యలో ఇంకోసారి. తువ్వాలు మానకూడదు. అంగళ్ళలో దొరికే తెల్లబరిచే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు.

"అది పూస్తే వారంలో తెల్లగయితారంటనే?" అంది సుజాత.

"అవుతారు. తర్వాత తోలు పల్చబడి ఎర్రగా అవుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఎండకు ఇంకా తొందరగా కాలుతుంది."

"వెంట్రుకలా? మా అత్తకి ఇప్పుటికే ఉండాయి."

గంగరత్న ట్యూబు తీసుకుని, నేను చెప్పినవన్నీ వరసగా నాకే అప్పజెప్పి వెళ్ళింది. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

పనికి సోకా

రెండు నెలల తర్వాత సుజాతతో మళ్ళీ వచ్చినప్పుడు గంగరత్న ముఖం ఇంకా నల్లబడింది. ట్యూబు చేతిలో ఉంది. దాదాపు నిండుగా ఉంది.

"వాడడం లేదా?"

"వాడతాండానన్నా. మా చిన్నాయన కూతురు పెండ్లికి వాడినా. జాతరకి వాడినా. టౌనుకి వచ్చేటప్పుడు వాడతా. ఈ పొద్దు కూడా పూసుకొనే వచ్చినా."

"మరి పనికి?"

ఇద్దరూ నన్ను తెలివిలేనివాడిని చూసినట్టు చూశారు.

"పనికి పూసుకొని పోతే మేస్త్రీ ఏమంటాడో తెలుసా?" అంది సుజాత. "ఏమ్మా, సోలార్ ప్లేటుతో పెండ్లిచూపులా అంటాడు."

"మా అత్త ఊరుకుంటాదా?" అంది గంగరత్న. "గడ్డి పీకేదానికి పోతా సోకేంది, ఎవురికి చూపియ్యల్లని అంటాది. నలుగురూ అదే అంటారు."

నేను ఇంటింటికీ తిరిగి విచారించినవాణ్ణి కాను. కానీ అప్పటినుంచి కౌంటర్ దగ్గరికి వచ్చిన సోలార్ ఆడవాళ్ళందరినీ అడిగాను. క్రీము కొన్నవాళ్ళలో పనికి పూసుకుని పోయేవాళ్ళు లేరనే చెప్పాలి. ఇంటినుంచి బయలుదేరే ముందు ముఖానికి ఏది రాసుకున్నా మా వైపు దాని పేరు సోకు. సోకుకు సందర్భం కావాలి. పెళ్ళి, జాతర, సంత, ఫోటో. పనికి సోకు చేసుకుని పోయే ఆడమనిషి గురించి మాట పుడుతుంది. పుట్టిన మాట ఇంటికి ఆమె కంటే ముందు చేరుతుంది. అందువల్ల ఎండను ఆపే క్రీము షామియానాల కింద, గుడి మండపాల్లో, బస్సు సీట్లలో ఖర్చయ్యేది. పలకల మధ్య ముఖం వట్టిదిగానే ఉండేది.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. పలకలు కడిగేది పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం. నడిమధ్యాహ్నం కడగరు. కాలే గాజు మీద చన్నీళ్ళు పడితే పగులుతుందని భయం. ఆ మధ్యాహ్నపు గంటలు ఖాళీగా పోకుండా కడిగే ఆడవాళ్ళను గడ్డి తీయడానికి వరసల మధ్యకు పంపుతారు. పై నుంచి ఎండ, నేల నుంచి సెగ, పలకల అంచుల నుంచి తళుకు.

శెట్టిగారి ఉపాయం

ఈ సంగతి శెట్టిగారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"క్రీము అని ఎందుకంటావప్పా? మందు అని చెప్పి ఇయ్యి. మందుకి ఎవురూ అడ్డం చెప్పరు."

"సన్‌స్క్రీన్ మందు కాదు కదండీ."

"మందు కవర్లో ఏస్తే మందే. పొద్దున ఒక గీత, మధ్యాన్నం ఒక గీత గియ్యి. మన కవరు మీద గీత ఉంటే అత్త కూడా గుర్తు చేస్తాది, యమ్మీ మందు పూసుకుంటివా అని."

"మందంటే ఏ రోగానికి అని అడుగుతారు."

"రోగం పేరు నువ్వు రాయద్దు. వాళ్ళే ఏదో ఒకటి అనుకుంటారు."

మా తాలూకాలో మందుకు ఉన్న మర్యాద చిన్నది కాదు. మామ ఎదుట నోరెత్తని కోడలు మామ ఎదుటే మాత్ర మింగుతుంది. పనిలో కూర్చోనివ్వని మేస్త్రీ మందు వేసుకోవడానికి ఒక నిమిషం ఇస్తాడు. శెట్టిగారు ఆ మర్యాదను వాడుకుందామన్నారు. నాకు అది సొగసైన పరిష్కారంగా కనిపించింది. ట్యూబును మందుల కాగితపు కవర్లో పెట్టి, గీతలు గీసి, ఎండకు పోయే ముందు అని కన్నడంలోనూ తెలుగులోనూ రాసి గంగరత్నకు ఇచ్చాను.

ఆ వేసవిలో ఆమె రోజూ పూసుకుంది. అత్త నిజంగానే గుర్తు చేసేదట. మధ్యాహ్నం నీళ్ళ విరామంలో షెడ్డు పక్కన అందరి ముందే పూసుకునేది, ఎవరూ పెండ్లిచూపుల మాట ఎత్తలేదు. ట్యూబు అయిపోతే ఇంకోటి తీసుకెళ్ళేది. ముఖం తెల్లబడలేదు, తెల్లబడదని ముందే చెప్పాను. కొత్త మచ్చలు రాలేదు. చెక్కిళ్ళ మీది గరుకు తగ్గింది. కాంట్రాక్టరు మారినప్పుడు గేటు దగ్గర తిప్పేస్వామి ఆమెను కడిగే గుంపులోనే ఉంచాడు. ఆ వార్త చెప్పడానికి ఆమె బస్సు దిగి నేరుగా కొట్టుకు వచ్చింది. ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి గంగరత్నకిచ్చిన మందే కావాలన్నారు. నేను ఇచ్చాను. ఆ రోజుల్లో నా ఉద్యోగం మీద నాకు గౌరవం ఉండేది.

ఏం రోగం

ముందు వచ్చి చెప్పింది సుజాత. ఒక్కతే వచ్చింది, జోకులు లేవు.

"అన్నా, గంగరత్నకి నీళ్ళ చెంబు ఏరే పెట్టినారు."

షెడ్డులో తాగే నీళ్ళకు ఒకటే స్టీలు చెంబు. అందరూ ఎత్తి పోసుకుని తాగుతారు. సన్‌స్క్రీన్ చెమటకు కరిగి ముఖం మీద తెల్లని చారలు కట్టేది. కొత్తగా చేరిన ఒకామె అవి చూసింది. మందు అన్నారు, కాబట్టి రోగం ఉంది. తెల్లగా ఉంది, కాబట్టి తొన్ను, అదే బొల్లి. మిగతా ఆడవాళ్ళూ అదే మందు తీసుకున్నారు, కాబట్టి అంటుకుంటుంది. మూడూ తప్పే. తొన్ను కూడా అంటుకునేది కాదు. కానీ ఆ లెక్కలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎంత సాఫీగా వెళ్ళారో చూడండి. మొదటి మెట్టు మేమే వేసి ఇచ్చాం.

తర్వాతి వారం తిప్పేస్వామి స్వయంగా వచ్చాడు. బండి ఆపి, దిగకుండానే ఒక కాలు కొట్టు మెట్టు మీద పెట్టాడు.

"ఏమప్పా మెడికల్, ఆయమ్మికి ఏం రోగం?"

"రోగం ఏమీ లేదన్నా."

"రోగం లేకుంటే మందెందుకిచ్చినావు?"

"అది మందు కాదు. ఎండకు చర్మం పాడవకుండా పూసే క్రీము."

"అంటే సోకు." అతను తల పంకించాడు. "పనిలో నిలబడి సోకు చేసుకుంటాండాదా? అదీ నా కండ్ల ముందర, మందని చెప్పి?"

నేను ఏది చెప్పినా ఆమె మీదికే పోతోంది. మందు అంటే రోగిష్టి, క్రీము అంటే సోకులాడి. మూడో మాట కోసం వెతికాను.

"అన్నా, ఇది హెల్మెట్ లాంటిది. చేతులకు గ్లౌజులు ఇస్తారు కదా, అట్లాంటిది. పనిలో దెబ్బ తగలకుండా."

"హెల్మెట్ కంపెనీ ఇచ్చినాది. గ్లౌజు కంపెనీ ఇచ్చినాది. ఇది కంపెనీ ఇచ్చినాదా?"

"లేదు."

"కంపెనీ ఇస్తే నేనే నిలబడి పూపిస్తా. ఇయ్యకుంటే అది రోగమన్నా కావల్ల, సోకన్నా కావల్ల. నువ్వే చెప్పు, ఏది రాసుకోమంటావు?"

అతను చెడ్డవాడని నేను అనను. అతని ప్రశ్న సరైనది. అది మేము మొదటి రోజే వేసుకోవలసిన ప్రశ్న. శెట్టిగారు కుర్చీలోంచి లేచి, "తిప్పేస్వామీ, నేను చెప్తాండా కదా, అంటుకునేది కాదు" అన్నారు. అతను ఆయనకు మర్యాదగా చెయ్యెత్తి, "నాకి కాదు శెట్టీ, చెంబు పట్టుకోమంటే పట్టుకోని ఆ ఆడోళ్ళకి చెప్పల్ల" అని వెళ్ళిపోయాడు.

కంపెనీ ఇవ్వాలి అన్న మాట పట్టుకుని నేను ప్లాంటు సేఫ్టీ ఆఫీసరును కలిశాను. ఉత్తరాది అతను, నా ఈడువాడే, మా కొట్టుకు వచ్చేవాడు. అతను కొనేదీ సన్‌స్క్రీనే. రోజూ పూసుకునేవాడు, ఎవరూ సోకని అనలేదు. నేను చెప్పింది అంతా విని, ఒప్పుకున్నాడు. ఇవ్వాలనే తన అభిప్రాయం అన్నాడు. కానీ ఇవ్వవలసిన సామాను జాబితా పై ఆఫీసు నుంచి వస్తుంది, అందులో ఇది లేదు, పైగా ఆ ఆడవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, కంపెనీ మనుషులు కారు. పైకి రాస్తానన్నాడు. రాశాడనే అనుకుంటున్నాను. ఆ తర్వాత అతనికి బదిలీ అయింది.

గంగరత్న ఏం చేసిందో సుజాత చెప్పింది. ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు అందరూ ఉన్నప్పుడు ఆమె తువ్వాలు విప్పి, సబ్బుతో ముఖం, మెడ, మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. తుడుచుకోకుండా ఒక్కొక్కరి ముందుకు వెళ్ళి నిలబడింది. "చూడండి, యాడన్నా తెలుపుండాదా? చూడండక్కా, దగ్గరికి రాండి." అందరూ చూశారు. తెలుపు ఎక్కడా లేదు. సాయంత్రానికి వేరే చెంబు తీసేశారు. పని పోలేదు. ఆ రోజునుంచి ఆమె ముఖానికి ఏదీ పూయలేదు. మిగతా ఆడవాళ్ళూ మానేశారు. తువ్వాలు కూడా కొన్నాళ్ళు కట్టుకోలేదట, ఏదో దాస్తోందని మళ్ళీ ఎవరూ అనకుండా.

మీకు చెప్పేది

మీరు కౌంటర్ వెనక నిలబడినప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఇరవైల్లో ఉన్నవాళ్ళకు ముసలితనాన్ని ఆపే క్రీముల్లో ఖాయంగా పని చేసేది సన్‌స్క్రీన్. మిగతావన్నీ దాని తర్వాతే, కొన్ని ఎండలో హాని చేసేవి కూడా. రెండోది, అది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళు అడగరు. అడిగేవాళ్ళు చాలావరకు నీడలో ఉండేవాళ్ళు. మూడోది, ఒక వస్తువును దాని పేరుతోనే ఇవ్వండి. పేరు మార్చి ఇస్తే ఆ పేరుకు ఉన్న మర్యాద ఒక్కటే రాదు, దాని వెనక ఉన్న భయమంతా వస్తుంది. ఆ భయాన్ని మోసేది మనం కాదు.

మరి అసలు పేరుతో ఇస్తే ఆమె పూసుకునేదా? లేదు. పెళ్ళిళ్ళకు వాడుకునేది. అందుకే ఈ మూడో మాట మీకు ఎంత ఉపయోగపడుతుందో నాకు తెలియదు. మేస్త్రీ చేతి మీదుగా హెల్మెట్‌తో పాటు ఆ ట్యూబు కూడా వచ్చి ఉంటే సరిపోయేది. అది మందుల కొట్టు వల్ల అయ్యే పని కాదు. మన పని ఎక్కడ ఆగిపోతుందో చెప్పే పాఠం నేను చదువుకోలేదు.

ఆ మరుసటి ఏడాది కాంట్రాక్టరు మళ్ళీ మారాడు. ఈసారి ఏరినది తిప్పేస్వామి కాదు, బయటి నుంచి వచ్చిన ఒక కొత్త సూపర్‌వైజరు. ఆ రోజు మధ్యాహ్నమే గంగరత్న కొట్టుకు వచ్చింది. ఆ వేళకు ఆమె పనిలో ఉండాలి. బిడ్డకు జ్వరం, సిరప్ కావాలంది. నేను సిరప్ ఇచ్చి, ఎంత పోయాలో మూత మీద గీత చూపించాను. పని ఏమైందని అడిగాను.

"వరసలో నిలబడినానన్నా. ఆయప్ప వచ్చినాడు, కుర్రోడే. ఒక్కొక్కరిని చూసి ఇటు పో, అటు పో అంటాండాడు. నా కాడికొచ్చి, అవ్వా, నువ్వు పక్కకి రా అన్నాడు."

సిరప్ సీసాను కొంగులో ముడి వేసుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"నేను ఎనక్కి తిరిగి చూసినా, యా అవ్వని పిలిచినాడా అని. ఎనక ఎవురూ లేరన్నా."